పట్టికకెక్కని పుర్జాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల - ఈ మూడు పట్టణముల నడుమ కంప్యూటర్ల మరమ్మతు చేయుచు నేను ఇరువది యేండ్లుగా తిరుగుచున్నాను. ఈ మూడును 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ వరకు కరీంనగరు జిల్లాలోనివే. ఆనాటి నుండి జగిత్యాలయు కోరుట్లయు ఒక జిల్లా, సిరిసిల్ల వేఱొక జిల్లా అయినవి. జిల్లాలు మాఱినను నా సంచి మాఱలేదు. అందులో ఒక స్క్రూడ్రైవరు, కొన్ని తీగలు, పాత సీడీల కట్ట యొకటి యుండును. ఆ సీడీలను చూచి మా పిల్లలు నవ్వుదురు. నేడు నేను చెప్పబోవు చరిత్ర ఆ సీడీలకు సంబంధించినదే. పాత ప్రోగ్రామును కొత్త యంత్రముపై నెక్కించునపుడు "ఈ పుర్జా రిజిస్టరు కాలేదు" అని యంత్రము మొరాయించుట యేల? ఆ మాట ఎక్కడ పుట్టినది? దానికి మందేమి?

పెద్దలకు కంప్యూటరు పరాయి వస్తువు కావచ్చును. రిజిస్టరను మాట మాత్రము పరాయిది కాదు. మా తండ్రిగారు కోరుట్లలో రిజిస్ట్రేషను కచేరి బయట రేకుల పందిరి క్రింద కూర్చుండి దస్తావేజులు వ్రాసెడివారు. ఆయన యొద్దకు రైతులు తెల్లకాగితముపై వ్రాసికొన్న సాదాబైనామాలు చేతబట్టుకొని వచ్చెడివారు. సొమ్ము చెల్లినది, చేను చేతికి వచ్చినది, పది పంటలు తీసికొన్నారు. అయినను 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము ప్రకారము నూఱు రూపాయలును ఆపైని విలువగల స్థిరాస్తి విక్రయము పుస్తకమున కెక్కవలసినదే. ఎక్కనిచో కచేరివారు దానిని లెక్కకు తీసికొనరు. "చేను ఉన్నది గదా, దున్నుతున్న గదా" అని రైతు మొత్తుకొనును. "చేను ఉండుడు వేరు బిడ్డా, బుక్కుల ఉండుడు వేరు" అని మా తండ్రిగారు బదులు చెప్పెడివారు. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో తాత పేరు పడలేదని మనుమలు కచేరీల చుట్టు తిరుగుట మీరందఱు ఎఱిగినదే.

1998వ సంవత్సరము నవంబరు 4వ తేదీన నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 'కార్డ్' అను పేర రిజిస్ట్రేషను కచేరీలలో కంప్యూటర్లను ప్రవేశపెట్టెను. 214 కచేరీలలో ఆ పని నడచినది. అంతవరకు బరువైన పుస్తకములు తిరగవేసి దినముల తరబడి వెదకి వ్రాసియిచ్చు ఋణభార పత్రము నిమిషములలో అచ్చయి రాదొడగెను. దస్తావేజు లేఖరులు తమ కూడు పోయెనని భయపడిరి. మా తండ్రిగారును భయపడిరి. కాని భయపడి ఊరకుండక, నన్ను కరీంనగరు పంపి ఆ విద్యయే నేర్పించిరి. ఆయన నాకిచ్చిన ఆస్తి అదియొక్కటే. "బుక్కుల ఉండుడు వేరు" అను మాటను కూడ లెక్కించినచో రెండు.

ఆ రోజులలో మా ప్రాంతపు దుకాణములకును, బీడీ ఖార్ఖానాలకును, సిరిసిల్ల సాంచాల యజమానులకును లెక్కల ప్రోగ్రాములు వ్రాసి యిచ్చు పడుచువారు హైదరాబాదునుండి వచ్చెడివారు. వారిలో పెక్కుమంది విజువల్ బేసిక్ అను సాధనముతో వ్రాసిరి. అది 1991లో పుట్టినది. దాని యాఱవ రూపము 1998లో వెలువడెను. దాని గొప్పతన మేమనగా, ప్రోగ్రాము వ్రాయువాడు అన్నియు తానే చేయ నక్కఱలేదు. బండి చేయు వడ్రంగి ఇనుప పట్టాను కమ్మరి యొద్దనుండి తెచ్చుకొనునట్లు, తెరపై గీతల పట్టిక, తేదీల పలక, మీటల వరుస, ఖాతాలను తెఱచి మూయు సాధనము - ఇవి యన్నియు సిద్ధముగా దొరకెడివి. ఇట్టి సిద్ధపు ముక్కలను కాంపొనెంట్లందురు. నేను మెకానిక్కుల మాటలో పుర్జాలందును. వాని పేళ్లు డీఎల్ఎల్ అనియో ఓసీఎక్స్ అనియో అంతమగును.

ఒకే పుర్జాను పది ప్రోగ్రాములు వాడుకొనుట వలన చిక్కు పుట్టినది. ఏ పుర్జా ఎక్కడ నున్నదో ప్రోగ్రామున కెట్లు తెలియవలెను? పేరును బట్టి వెదకుద మనిన, మా ప్రాంతమున ఒక్కొక్క యూర పదిమంది గంగారాములుందురు. పుర్జాల పేళ్లును అట్టివే. అందుకొఱకు మైక్రోసాఫ్టువారు 1993లో ప్రచారమునకు తెచ్చిన 'కామ్' అను పద్ధతిలో ప్రతి పుర్జాకును ఒక పొడవైన సంఖ్య నిచ్చిరి. అది 32 గుర్తులు గలది. ఐదు గుంపులుగా వ్రాయుదురు. చేనికి సర్వే నంబరు వంటిది. ఏ నంబరుగల పుర్జా ఏ పెట్టెలో ఏ దారిని ఉన్నదో వ్రాసి పెట్టు పుస్తకమే రిజిస్ట్రీ. 1992 నాటి విండోస్ 3.1లో అది చిన్న పుస్తకము. 1995లో వచ్చిన విండోస్ 95 నుండి యంత్రపు వ్యవహారమంతయు అందులోనికే చేరెను.

ప్రోగ్రాము పుర్జాను వెదకుకొనుచు పెట్టె లన్నియు తిరుగదు. నంబరు పట్టుకొని పుస్తకము నడుగును. పుస్తకమున లేనిచో, పుర్జా కండ్లెదుట నున్నను, లేదనియే చెప్పును. ఆ లేదను మాటకు ఒక అంకె కలదు: 80040154. దాని యర్థము ఈ తరగతి రిజిస్టరు కాలేదని. నేను మొదటిసారి ఆ అంకెను చూచినప్పుడు నాకు మా తండ్రిగారి రేకుల పందిరి జ్ఞప్తికి వచ్చినది.

పుర్జాను పుస్తకమున కెక్కించు చిన్న పరికరము పేరు రెగ్‌సర్వర్32. ఇందొక వింత యున్నది. ఆ పరికరము తాను ఏమియు వ్రాయదు. పుర్జాను లేపి, "నీవు ఎవరవో నీవే వ్రాయించుకొనుము" అని ఊరకుండును. పుర్జా లోపల నున్న యొక మాట మేల్కొని తన నంబరును, తానున్న తావును వ్రాయించుకొనును. తాను లేచుటకు వేఱొక పుర్జా తోడు కావలసియుండి, ఆ తోడు లేనిచో, ఇది లేవదు. అప్పుడు యంత్రము "దొరకలేదు" అనును. వినువాడు ఈ పుర్జాయే దొరకలేదనుకొనును. దొరకనిది తోడు. ఇట్లే రిజిస్టరైన తరువాత పుర్జాను వేఱొక పెట్టెకు మార్చిన యెడల పుస్తకము పాత తావునే చెప్పుచుండును. ఇల్లు ఖాళీచేసిపోయినవానికి ఉత్తరము వేసినట్లగును.

జగిత్యాలలో టవరు సర్కిలు దాపున పెండ్లిపత్రికలు కూర్చు ఒకాయన ఈ విషయమున మూడు దినములు కష్టపడెను. ఆయన ప్రతి డీఎల్ఎల్‌ను రిజిస్టరు చేయబూనగా ఒకదానికి "ప్రవేశద్వారము కానరాలేదు" అను జవాబు వచ్చుచుండెను. ఆ పుర్జా చెడిపోయెనని తలచి నాలుగు చోట్లనుండి నాలుగు ప్రతులు తెచ్చెను. అది చెడిపోలేదు. పుస్తకమున కెక్కవలసిన జాతియే కాదు. ప్రోగ్రాము ప్రక్కన నున్న చాలును. కౌలుదారుని బలవంతముగా పట్టాదారును చేయ బోయినట్లు. ఇట్టి పనికిమాలిన శ్రమ నేనును చేసితిని కనుక ఆయనను చూచి నవ్వలేదు.

ఈ ఏర్పాటునకు కాలక్రమమున మఱికొన్ని చిక్కులు వచ్చిపడినవి. కొత్త ప్రోగ్రాము నెక్కించునపుడు అది తన పుర్జాను పాతదానిపై పఱచెడిది. దానితో పాత ప్రోగ్రాము పడిపోయెడిది. తీసివేయునపుడు అందఱి పుర్జాను తన వెంట ఊడబెఱుకుకొని పోయెడిది. దీనికి 'డీఎల్ఎల్ నరకము' అని ప్రపంచమంతట పేరు పడినది. 2000లో వచ్చిన విండోస్ తన ముఖ్యమైన పుర్జాలను ఇతరులు మార్చకుండ కాపు పెట్టెను. 2001లో వచ్చిన ఎక్స్‌పీ ఒకే పుర్జాయొక్క వేర్వేఱు ప్రతులు ప్రక్కప్రక్కన నుండుటకు వీలు చేసెను. 2007లో జనులకందిన విస్టా నుండి పుస్తకమును తాకుటకు యజమాని యధికారము చూపవలసి వచ్చెను. అది మంచిదే, దారిని పోవువాడెల్ల పహాణీలో వ్రాయరాదు గదా! 2012 ఏప్రిల్లో భద్రతకై వచ్చిన యొక సవరణ మీటల వరుసల పుర్జాను మార్చగా, నిన్నటివరకు నడచిన ప్రోగ్రాములు కొన్ని అనేక దేశములలో ఒక్కసారిగా మొరాయించెను. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి ఆదరువు నిలిచిపోయినది. 2021లో వచ్చిన విండోస్ 11 కేవలము 64 బిట్ల యంత్రములకే యుద్దేశింపబడినది. ఈ కడపటి మాటయే సిరిసిల్లలో నా ప్రాణము తీసినది.

2022 వేసవిలో వేములవాడ మీదుగా సిరిసిల్లకు పోయితిని. పిలిచినవారు ఒక ఆసామి; డెబ్బదికి దగ్గఱ వయస్సు. సిరిసిల్ల సంగతి తెలియనివారికి చెప్పవలెను: అచ్చట నూలు ఇచ్చి గుడ్డ తీసికొనువారు యజమానులు, సొంత సాంచాలపై కూలికి నేయించి యిచ్చువారు ఆసాములు, సాంచాలు నడపువారు కార్మికులు. ఈ ఆసామి యొద్ద ఎనిమిది సాంచాలు. లెక్కలన్నియు ఆయన అన్నగారు కంప్యూటరులో వ్రాసెడివారు. ఆయన కాలము చేసిరి. 2003 నుండి ఏడేండ్లు వారి సాంచాలపై పనిచేసి భీవండికి వలసపోయిన కార్మికుడొకడు అప్పుడు తిరిగి వచ్చి, వారమువారము కూలిలో పట్టి యుంచిన తన సొమ్ము తొమ్మిది వేలు ఇప్పింపుమని యడిగెను. చీటి లేదు. సాక్షియు లేడు.

"తమ్మీ, అన్న రాసిన లెక్క అండ్లనే ఉన్నది. సూడకుంట ఇయ్య మనసొప్పుతలేదు, సూడకుంట లేదన నోరొస్తలేదు. నువ్వు జర సూడు" అని ఆసామి పలికెను. గుమ్మము బయట ఆ కార్మికుడు చెప్పులు విడిచి కూర్చుండియుండెను.

పాత యంత్రపు పలక కాలిపోయినది; కాని దాని డిస్కులోని లెక్కల ఫైలు నాకు చిక్కెను. ప్రోగ్రాము సీడీ బీరువాలో దొరకెను. దానిని వ్రాసిన సంస్థ ఎన్నడో మూతపడినది. ఆసామి మనుమడు కొనుక్కున్న కొత్త యంత్రముపై సీడీని నడిపించితిని. సగములో ఆగిపోయినది. ప్రోగ్రామును తెఱువబోగా 339 అను పొరపాటు: మీటల వరుసల పుర్జాయో దాని తోడో సరిగా రిజిస్టరు కాలేదని. ఇది నాకు చిరపరిచితమే. నా సంచిలోని సీడీనుండి అదే పుర్జాను తీసి సిస్టం32 అను పెట్టెలో నుంచి రెగ్‌సర్వర్32ను పిలిచితిని. "ఆ పుర్జా దొరకలేదు" అను జవాబు వచ్చెను. పెట్టె తెఱచి చూచితిని, ఉన్నది. మఱల పిలిచితిని, లేదనెను. తోడు పుర్జాలు లేవేమో యని అవియు చేర్చితిని. అదే జవాబు. మధ్యాహ్నమైనది. ఆసామి ఇంటివారు అన్నము పెట్టిరి. ఆ కార్మికునికిని పెట్టిరి. అతడు నా తెరవంక చూచుచు తినుచుండెను. నాకు ముద్ద దిగలేదు.

అన్నము తినుచుండగా తోచినది. 64 బిట్ల యంత్రమున రెండు పెట్టెలున్నవి. సిస్టం32 అను పేరుగల పెట్టెలో 64 బిట్ల పుర్జాలుండును. 32 బిట్లవి సిస్‌వావ్64 అను పేరుగల పెట్టెలో నుండును. తప్పు చెప్పితినని మీరనుకొనవచ్చును. లేదు, పేళ్లే తలక్రిందులు. ఎన్నో ప్రోగ్రాములు సిస్టం32 అను పేరును తమలో స్థిరముగా వ్రాసికొన్నందున ఆ పేరును మార్చుటకు వీలు లేకపోయెను. పాత 32 బిట్ల ప్రోగ్రాము ఏదైనను సిస్టం32 అని యడిగినచో, యంత్రము చడిచప్పుడు లేక దానిని రెండవ పెట్టెకు నడిపించును. పాత పుర్జాను ఎక్కించు రెగ్‌సర్వర్ కూడ 32 బిట్లదే. నేను మొదటి పెట్టెలో పెట్టి చూచుచున్నాను. అది రెండవ పెట్టెలో వెదకుచున్నది. ఇద్దఱమును నిజమే చెప్పుచున్నాము. పుస్తకమును అట్లే రెండు భాగములై యున్నది. ఒక భాగమున నెక్కినది మఱొక భాగమున చదువువానికి కనబడదు.

పుర్జాను రెండవ పెట్టెకు మార్చితిని. ఈసారి 8002801సి అను అంకె వచ్చినది. పుస్తకమును తాకుటకు అధికారము లేదని దాని భావము. యజమాని యధికారముతో తెఱచిన కిటికీలో అదే ఆజ్ఞ నిచ్చితిని. రిజిస్టరైనది.

సంతోషము క్షణమే. ప్రోగ్రాము తెఱచుకొని, ఖాతాలు తీయబోగా 429 అను పొరపాటు వచ్చెను: వస్తువును సృష్టింప జాలనని. ఈ 429 చెడ్డది. మొదటిది పుర్జా పేరైనను చెప్పినది. ఇది పేరు చెప్పదు. అంతర్జాలమున ఇట్టి సమయమున పుర్జాలను ఉచితముగా పంచు అంగళ్లు పెక్కు కనబడును. ఊరు పేరు తెలియనివాడు తెచ్చిన విత్తనము వంటివి అవి. ఏ ప్రతియో, అందులో ఏ విషము కలిసినదో చెప్పలేము. ఒకప్పుడు తొందరలో నేను అట్టి పని చేసి ఒక దుకాణపు లెక్కలు పాడు చేసినాను. ఆ దుకాణదారు నేటికిని నాతో సరిగా మాటలాడడు.

కనుక సీడీనే మఱల తెఱచితిని. విజువల్ బేసిక్ ప్రోగ్రాములను కట్టి పంపునపుడు సెటప్.ఎల్ఎస్‌టీ అను చిన్న ఫైలొకటి వానితో వచ్చును. అది మామూలు వ్రాత, నోట్‌ప్యాడులో చదువవచ్చును. ప్రోగ్రామునకు కావలసిన ప్రతి పుర్జాయు అందులో ఒక్కొక్క పంక్తిగా నుండును: పేరు, ఏ పెట్టెలో కూర్చుండవలెను, తనంతట తాను రిజిస్టరు కావలసినదా కాదా, తేదీ, పరిమాణము, ఎన్నవ రూపము. పుర్జాలు ప్రక్కనే క్యాబ్ అను మూటలో కట్టియుండును. ఇరువదేండ్ల క్రిందట ఆ పడుచువాడెవడో మూట కట్టునపుడు యంత్రమే వ్రాసి పెట్టిన పట్టిక అది. నేను ఉదయమునుండి ఊహించుచున్న దంతయు అందులో వ్రాసియే యున్నది. మొదటనే దానిని చదివియుండినచో అన్నపు వేళకు పని ముగిసెడిది. మా తండ్రిగారైనచో నన్ను ఒక మాట యనియుందురు. దస్తావేజు చేతబట్టినవెంటనే ఆయన షెడ్యూలు చూచెడివారు.

పంక్తి పంక్తిగా సరిచూచితిని. ఖాతాలను తెఱచు డీఏఓ350 అను పుర్జా రాలేదు. దాని తోడివియు రాలేదు. అది 1990ల నాటిది; నేటి విండోసులో అది పుట్టుకతో రాదు. మూట విప్పి ఒక్కొక్కదానిని పట్టికలో చెప్పిన తావున నుంచి, రిజిస్టరు చేయుమని గుర్తున్నవానిని మాత్రమే చేసితిని. ఆసామి నా వెనుక నిలుచుండి, "అయితే పోగు భీం మీద ఉన్నదిగాని అచ్చుల ఎక్కలేదన్నట్టు" అనెను. అంతకన్న బాగుగా నేను చెప్పలేను.

సాయంకాలము ఐదింటికి లెక్కలు తెఱచుకొనెను. కార్మికుని పేరు వెదకితిమి. వారమునకింత యని పట్టిన పంక్తులు, నడుమ పండుగలకు తీసికొన్నవి, ఒకమారు భార్య కాన్పునకు తీసికొన్నది, అన్నియు వరుసగా నున్నవి. కడపటి పంక్తి 2010 నాటిది. నిలువ పదునొకండు వేల మూడువందల నలువది రూపాయలు. అతడడిగినది తొమ్మిది వేలు. ఆసామి ఆ యంకెను తానే రెండు మాఱులు వ్రేలితో చదివికొని, లోపలికి పోయి, సొమ్ము తెచ్చి లెక్కపెట్టి యిచ్చెను. పండ్రెండేండ్ల వడ్డీ మాట నా నోటి చివరవఱకు వచ్చినది; అది నా పని కాదని మ్రింగితిని. కార్మికుడు అడుగలేదు. తెరవంక చూపి, "పెద్దసేటు అన్నీ రాసిండు" అని మాత్రము అనెను.

తరువాత ఆసామి ఆ లెక్కలనన్నింటిని కాగితముపై దింపుమనెను. ఇకముందు ఈ తిప్పలు పడకుండ ఫైలును నేటి ప్రోగ్రాములు చదువగల రూపమునకు మార్చి రెండు ప్రతులు చేసి యిత్తునంటిని. అదియు చేసితిని. సెటప్.ఎల్ఎస్‌టీని కూడ అచ్చువేసి సీడీతోపాటు ఒక కవరులో పెట్టితిని. కాగితముల మీద మాత్రము ఆయన పట్టు విడువలేదు. రాత్రి ఎనిమిదింటి వఱకు అచ్చువేయుచునే యుంటిమి. కడపటి బస్సు తప్పిపోగా, ఆ కార్మికుని అల్లుడు నన్ను తన మోటారు సైకిలుపై వేములవాడ వఱకు దింపెను.